క్యాపిటల్, చీఫ్, చెఫ్, క్యాటిల్: ఒకే లాటిన్ తల ఇన్ని రూపాల్లో ఎలా తిరుగుతోంది

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న ఏమిటో చెప్తాను. "క్యాపిటల్ అంటే రాజధాని, పెట్టుబడి, పెద్దక్షరం, మరణశిక్ష విషయంలో కూడా అదే మాట. ఇన్ని అర్థాలు ఒక్క మాటకి ఎలా వచ్చాయి? చీఫ్, చెఫ్, కెప్టెన్, క్యాటిల్, క్యాబేజీ కూడా అదే లాటిన్ మాట నుంచి పుట్టాయని ఒక వీడియోలో చూశాను, నిజమేనా? మా బాబాయ్ అయితే ఇదంతా మన కపాలం నుంచే వెళ్ళిందంటున్నారు." ఇదీ మీరు అడిగింది.

క్యాబేజీని పక్కన పెడితే వీడియోలో చెప్పింది నిజమే, క్యాపిటల్ అర్థాలన్నీ కూడా అక్కడివే. కపాలం సంగతికి మాత్రం కాదు అని చెప్పాలి, కానీ అందులో కూడా ఒక మంచి విషయం ఉంది, చివర్లో చెప్తాను. నేను హైదరాబాద్‌లో ఫ్రెంచ్, స్పానిష్ నేర్పిస్తాను, లాటిన్ చదువుకున్నాను. ఒక మాట ఒక భాషలోకి ఒక్కసారే వచ్చి ఆగిపోదు, వేరువేరు కాలాల్లో వేరువేరు దారుల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఏ దారిలో వచ్చిందో దాని రూపమే చెప్పేస్తుంది అని పిల్లలకి చూపించాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ లాటిన్ మాట కపుత్. అర్థం తల. విభక్తి ప్రత్యయాలు చేరితే కపిత్- అవుతుంది, ఉదాహరణకి 'తల యొక్క' అంటే కపితిస్. మీరు అడిగిన క్యాపిటల్ అర్థాలన్నిటికీ విత్తనాలు రోమన్ల కాలంలోనే పడ్డాయి. రోమన్లు మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు తలలు లెక్కపెట్టేవాళ్ళు. ఆస్తిపాస్తులేమీ లేక, కేవలం తలగా మాత్రమే జనాభా లెక్కలోకి వచ్చే పేదల్ని 'కపితె కెన్సి' అనేవాళ్ళు. సైన్యంలో చేరడానికి ఆస్తి ఉండాలన్న నియమాన్ని పక్కనపెట్టి సేనాని మారియస్ క్రీ.పూ. 107లో వీళ్ళని చేర్చుకోవడం రోమ్ చరిత్రలో పెద్ద మలుపు. రోమన్ చట్టంలో కపుత్ అంటే ఒక మనిషికి ఉన్న పౌరహోదా కూడా. స్వేచ్ఛ పోయినా, పౌరసత్వం పోయినా, కుటుంబంలో స్థానం మారినా దాన్ని తల తగ్గడం అనేవాళ్ళు, దానికి మూడు స్థాయిలు ఉండేవి. ప్రాణం పోయే శిక్ష, ఈ హోదా పోయే శిక్ష రెండూ 'కపితాలిస్', అంటే తలకి సంబంధించినవి. క్యాపిటల్ పనిష్మెంట్ అక్కడిది. రోమ్ నగరాన్ని రోమన్ చరిత్రకారుడు లివీ తన గ్రంథంలో భూమండలానికి కపుత్ అని రాశాడు, కాబట్టి ఒక ఊరిని తల అనడం కూడా పాతదే.

డబ్బు అర్థం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వడ్డీకి ఇచ్చిన అసలుని కూడా లాటిన్‌లో కపుత్ అనేవాళ్ళు. క్రీ.పూ. 367 నాటి లికీనియస్, సెక్స్‌తియస్ అనే ఇద్దరు తెచ్చిన చట్టాల గురించి చెప్తూ లివీ ఏం రాశాడంటే, అప్పులవాళ్ళు అప్పటిదాకా వడ్డీగా కట్టినదంతా 'తల' నుంచి తీసేసి, మిగిలింది మూడేళ్ళలో సమాన వాయిదాల్లో కట్టుకోవచ్చు అని. అప్పుల కింద నలిగిపోతున్న సామాన్యుల కోసం చేసిన చట్టం అది. మనం మూలధనం అంటాం, మూలం అంటే వేరు. వాళ్ళు తల అన్నారు. ఆ 'తల'కి విశేషణం కపితాలిస్, దాని నపుంసక రూపం కపితాలె మధ్యయుగాల్లో ఇటలీ వర్తకుల నోళ్ళలో, వాళ్ళ ఖాతాపుస్తకాల్లో నలిగి, అక్కడి నుంచి యూరప్ అంతా పాకింది. పెద్దక్షరాన్ని క్యాపిటల్ లెటర్ అనడం తేలిక, రాతకి తల దగ్గర ఉండేది కాబట్టి.

ఇక ప్రయాణం సంగతి. రోమ్ సామ్రాజ్యం పశ్చిమాన కూలిపోయాక లాటిన్ ఎక్కడికీ పోలేదు, జనం మాట్లాడుతూనే ఉన్నారు, ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా అరిగిపోయి ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్, పోర్చుగీస్, రొమేనియన్, కాటలాన్‌గా మారింది. తల్లి నోటి నుంచి పిల్లల నోటికి అలా వచ్చిన మాటలు బాగా అరిగిపోయి ఉంటాయి. అదే సమయంలో చర్చిలో, న్యాయస్థానంలో, విశ్వవిద్యాలయాల్లో రాతకి లాటిన్ వాడుతూనే ఉన్నారు కాబట్టి పండితులు ఎప్పుడు కావాలంటే అప్పుడు పుస్తకంలోంచి మాటని యథాతథంగా తీసుకునేవాళ్ళు. మన తత్సమాలు, తద్భవాలు సరిగ్గా ఇలాంటివే, కాబట్టి తెలుగువాళ్ళకి ఇది చెప్పడం చాలా సులువు. దీనికి తోడు, ఇలా పుట్టిన భాషలు ఒకదాని నుంచి ఒకటి మళ్ళీ అరువు తెచ్చుకున్నాయి. గందరగోళం అంతా వచ్చేది ఈ మూడో దారిలోనే.

అరగడం అంటే ఇష్టం వచ్చినట్టు అరగదు, దానికి పద్ధతి ఉంటుంది. అచ్చుల మధ్య ఉన్న ప-కారం ఇటాలియన్‌లో అలాగే ఉంటుంది, స్పానిష్‌లో బ అవుతుంది, ఫ్రెంచ్‌లో వ అవుతుంది. తెలుసుకోవడం అన్న క్రియ చూడండి, ఇటాలియన్‌లో సపేరె, స్పానిష్‌లో సబేర్, ఫ్రెంచ్‌లో సవ్వార్. అలాగే లాటిన్‌లో 'క' తర్వాత 'అ' ఉంటే ఫ్రెంచ్‌లో ఆ క కాస్తా చ అయింది, తర్వాత ష అయింది. పిల్లికి లాటిన్‌లో కత్తుస్, ఫ్రెంచ్‌లో షా. పాట పాడటానికి కంతారె, ఫ్రెంచ్‌లో షాంతే. ఇప్పుడు ఈ రెండు నియమాలూ కపుత్ మీద పెట్టండి. చివరి త-కారం జనం నోట్లో ముందే రాలిపోయింది. ఇటాలియన్‌లో కాపో, స్పానిష్‌లో కాబో, ఫ్రెంచ్‌లో చియెఫ్ అనే రూపం, దాని నుంచి ఇవాళ్టి షెఫ్ వచ్చాయి. పదం చివర వ నిలవదు కాబట్టి ఫ అయింది. చూడటానికి కపుత్‌కీ షెఫ్‌కీ ఒక్క అక్షరం కూడా కలవదు, అయినా ప్రతి అడుగుకీ లెక్క ఉంది.

మరి ఇవాళ ఈ భాషల్లో తలకి మాట ఇదేనా అంటే అన్నిట్లో కాదు. కాటలాన్, రొమేనియన్ భాషల్లో మాత్రం తలని ఇప్పటికీ కప్ అనే అంటారు. యూరప్‌కి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, మధ్యలో వాళ్ళు మార్చేసుకున్నారు. స్పానిష్, పోర్చుగీస్ వాళ్ళు కపుత్ నుంచే ఇంకో రూపం చేసుకుని కబేసా అంటున్నారు. ఫ్రెంచ్‌లో తెత్, ఇటాలియన్‌లో మామూలు వాడుకకి తెస్తా. ఈ తెస్తా అసలు అర్థం మట్టికుండ, పెంకు. రోమన్ల కాలంలోనే తలని సరదాగా కుండ అనడం మొదలై, చివరికి అదే అసలు మాట అయి కూర్చుంది. జర్మన్‌లో కూడా ఇదే జరిగింది, అక్కడ ఇవాళ తలకి వాడే కోప్ఫ్ అన్న మాట లాటిన్ కుప్ప, అంటే గిన్నె, దాని నుంచి వచ్చింది. ఇది వింతగా అనిపిస్తే మన బుర్ర గుర్తుచేసుకోండి. ఆనపకాయ బుర్ర, బుర్రకథలో తంబురాకి ఉండే బుర్ర, "నీకు బుర్ర ఉందా" అని తిట్టే బుర్ర, అన్నీ ఒకటేగా!

ఫ్రెంచ్‌లో చియెఫ్ ఒకప్పుడు నిజంగా తలే. క్రీ.శ. 880 ప్రాంతంలో రాసిన సెయింట్ యూలాలీ గీతం అని ఒకటి ఉంది, ఫ్రెంచ్‌లో మనకి దొరికిన అతి పాత రచనల్లో ఒకటి, దాని రాతప్రతి వలెన్సియెన్ గ్రంథాలయంలో ఉంది. అందులో రాజు ఆ అమ్మాయి 'చియెఫ్'ని కత్తితో తీసేయమని ఆజ్ఞాపిస్తాడు. ఆ పాత అర్థం ఇంగ్లీషులో కొన్ని మాటల్లో గడ్డకట్టి ఉండిపోయింది. తల కప్పుకునే గుడ్డని పాత ఫ్రెంచ్‌లో కువ్రెచియెఫ్ అనేవాళ్ళు, కువ్రె అంటే కప్పు, చియెఫ్ అంటే తల. అది ఇంగ్లీషులో కర్చీఫ్ అయింది. తర్వాత చేతిలో పట్టుకునే గుడ్డకి ముందు హ్యాండ్ తగిలించి హ్యాండ్‌కర్చీఫ్ అన్నారు. మనం జేబులో పెట్టుకునే కర్చీఫ్ పేరులో తల ఉందన్నమాట. అచీవ్ కూడా ఇదే, పాత ఫ్రెంచ్‌లో 'తలకి రావడం' అంటే కొసకి చేరడం, పూర్తి చేయడం. స్పానిష్‌లో పూర్తి చేయడానికి అకబార్ అంటారు, అందులో ఉన్నది కాబో. మిస్చీఫ్ అంటే చెడు కొస, చెడ్డ ముగింపు.

ఇక చీఫ్, చెఫ్. ఈ రెండూ ఒకే ఫ్రెంచ్ మాట, ఇంగ్లీషువాళ్ళు రెండుసార్లు తీసుకున్నారు. మొదటిసారి 1300 ప్రాంతంలో, ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక అక్కడ ఫ్రెంచ్ రాజ్యమేలుతున్న రోజుల్లో. ఆ ఫ్రెంచ్‌లో ఆ ధ్వని చ. తర్వాత ఫ్రాన్స్‌లో చ కాస్తా ష అయిపోయింది, కానీ ఇంగ్లీషులోకి అప్పటికే వెళ్ళిన మాటలు పాత చ తోనే మిగిలిపోయాయి. రెండోసారి 19వ శతాబ్దంలో, 'షెఫ్ ద క్యుజీన్' అంటే వంటగది పెద్ద అన్న మాటని కుదించి, ష తోనే తీసుకున్నారు. ఇది ఒక్క మాటకే కాదు, చైర్, చేంజ్, ఛాంబర్ అన్నవి పాత దిగుమతులు, మెషీన్, బ్రోషర్, షాంపేన్ కొత్త దిగుమతులు. ఇంగ్లీషులో ఉన్న ఒక ఫ్రెంచ్ మాట ఎప్పుడు వచ్చిందో అందులో వినిపించేది చ నా ష నా అన్నదాన్ని బట్టే సుమారుగా చెప్పొచ్చు, నాకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. మన టీవీ వంటల కార్యక్రమాల్లో చెఫ్ అంటున్నారు, తెలుగులో అది స్థిరపడింది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను, ఫ్రెంచ్ ఉచ్చారణ మాత్రం షెఫ్.

వంటకి సంబంధం లేకుండా షెఫ్ అంటే యజమాని, పైఅధికారి అన్న అర్థంతో ఉత్తర యూరప్ అంతా తిరిగింది. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళు "మైన్ షెఫ్" అంటే మా బాస్ అని, వంటమనిషి కాదని చేరిన మొదటి వారంలోనే నేర్చుకుంటారు. స్వీడిష్‌లో, డేనిష్‌లో, పోలిష్‌లో, రష్యన్‌లో కూడా ఇదే. స్పెయిన్ వాళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. వాళ్ళకి సొంతంగా కాబో ఉంది, అది కొస, తాడు చివర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొస, సైన్యంలో చిన్న అధికారి, ఇలా ఎన్నో అర్థాల్లోకి జారిపోయింది. అందుకని పెద్ద, నాయకుడు అన్న అర్థానికి ఫ్రెంచ్ షెఫ్‌ని అరువు తెచ్చుకున్నారు. అప్పట్లో దాన్ని షెఫె అనేవాళ్ళు, ఆ తర్వాత స్పానిష్‌లో ష ధ్వనులన్నీ గొంతులోంచి వచ్చే హ లాంటి ధ్వనిగా మారిపోయాయి, దాంతో ఇది హెఫె అయింది. కపుత్ నుంచి హెఫె దాకా, లాటిన్, ఫ్రెంచ్, స్పానిష్ మూడు గడపలు దాటి వచ్చింది. సముద్రపు కొస అర్థం తెలియనిది కాదు, పోర్చుగీస్ బార్తొలొమేవ్ దియాస్ 1488లో చుట్టివచ్చిన కాబో ద బోవా ఎస్పెరాన్సా, మనం చిన్నప్పుడు భూగోళంలో చదివిన కేప్ ఆఫ్ గుడ్ హోప్, అందులో ఉన్న కేప్ ఇదే. కన్యాకుమారిని పాత పటాల్లో కేప్ కొమొరిన్ అని రాసినా ఇదే.

క్యాటిల్ గురించి మీ వీడియోలో చెప్పింది నిజం, కానీ సగమే చెప్పి వదిలేసినట్టున్నారు. ఇందాక చెప్పిన కపితాలె, అంటే ఆస్తి, ఇంగ్లీషులోకి మూడుసార్లు వచ్చింది. క్యాటిల్, చాటెల్, క్యాపిటల్. ఫ్రాన్స్ ఉత్తరాన నార్మండీ, పికార్డీల్లో 'క' చ గా మారలేదు. ఎక్కడి నుంచి మారింది, ఎక్కడ మారలేదు అన్న గీతని 1883లో షార్ల్ జొరె అనే పండితుడు పటం మీద చూపించాడు, ఇప్పటికీ దాన్ని జొరె గీత అంటారు. ఆవుని ఆ గీతకి దక్షిణాన వాష్ అంటే ఉత్తరాన వాక్ అంటారు. 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం మనుషుల్లో ఎక్కువమంది ఉత్తరంవాళ్ళు కాబట్టి ముందు వచ్చిన రూపం కతెల్. తర్వాత పారిస్ వైపు ఫ్రెంచ్ ప్రభావంతో, ముఖ్యంగా న్యాయస్థానాల్లో చతెల్ వచ్చింది. ఆ తర్వాత పుస్తకాల్లోంచి నేరుగా క్యాపిటల్. మూడిటికీ మొదట్లో అర్థం ఆస్తే. చాటెల్ వకీళ్ళ భాషలో చరాస్తిగా మిగిలింది, క్యాపిటల్ వర్తకుల దగ్గర పెట్టుబడి అయింది, క్యాటిల్ మాత్రం పల్లెలో రైతుకి ఉన్న అసలైన ఆస్తి పశువులే కాబట్టి మెల్లగా పశువులకే పరిమితమైంది. ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, అక్కడ సొమ్ములు అంటే పశువులు. సొమ్ము అంటే డబ్బు, సొమ్ములు అంటే నగలు, సొమ్ములు అంటే గొడ్లు. నార్మన్ రైతు, శ్రీకాకుళం రైతు ఒకరి ముఖం ఒకరు ఎరగకుండానే ఒకే ఆలోచన చేశారు.

ఈ క/చ జంట ఒకసారి కంటికి అలవాటైతే ఎక్కడ చూసినా కనిపిస్తుంది. లాటిన్ కమెర అంటే కమాను కప్పు, తర్వాత గది. ఫ్రెంచ్ మీదుగా వచ్చింది ఛాంబర్, పుస్తకంలోంచి వచ్చింది కెమెరా, స్పానిష్‌లో ఒకే గదిలో ఉండేవాణ్ణి కమరాద అంటే అది కామ్రేడ్.

కెప్టెన్ కూడా జంటమాటే. చివరి దశ లాటిన్‌లో కపితానెయుస్ అంటే ముఖ్యుడు. జనం నోట్లో నలిగి పాత ఫ్రెంచ్‌లో చెవెతైన్ అయింది, ఇంగ్లీషులో చీఫ్టెన్. అదే మాటని మళ్ళీ రాతలోంచి తీసుకుంటే కపితైన్, అంటే కెప్టెన్. ఇటాలియన్ కపొరాలె ఫ్రెంచ్‌కి వెళ్ళి, అక్కడ శరీరం అన్న అర్థం ఉన్న కోర్ మాటతో కలగాపులగమై, ఇంగ్లీషులో కార్పొరల్ అయింది. నాకు వీటిలో ఇష్టమైనది క్యాడెట్. దక్షిణ ఫ్రాన్స్‌లో గాస్కన్ ప్రాంతపు యాసలో కప్దెత్ అంటే చిన్న తల, చిన్న నాయకుడు. ఆ ప్రాంతపు జమీందారీ ఇళ్ళలో ఆస్తి పెద్దకొడుక్కి పోయేది, చిన్నకొడుకులు బతుకుతెరువు కోసం రాజుగారి సైన్యంలో అధికారులుగా చేరేవాళ్ళు. అలా కప్దెత్ అంటే చిన్నకొడుకు అన్న అర్థం, అక్కడి నుంచి సైనిక శిక్షణలో ఉన్న కుర్రాడు అన్న అర్థం వచ్చాయి. మన కాలేజీల్లో ఎన్‌సీసీ క్యాడెట్లకి ఈ సంగతి తెలిస్తే బాగుంటుంది. స్కాట్లాండ్‌లో అదే మాట గోల్ఫ్ సంచి మోసే క్యాడీ అయింది. దీనికి తోబుట్టువు లాంటిది ఫ్రెంచ్ కదో, అంటే బహుమతి. మొదట్లో అది అలంకరించిన పెద్ద తొలి అక్షరం, తర్వాత ఆడవాళ్ళ గౌరవార్థం ఇచ్చే విందు వినోదం, తర్వాత కానుక.

చిన్న తల అనే అర్థంలో ఇంకో లాటిన్ రూపం కపితులుమ్. పుస్తకంలో భాగానికి శీర్షిక, అందుకే చాప్టర్, జర్మన్‌లో కపీతెల్. మఠాల్లో సన్యాసులు రోజూ కూడి నియమావళిలో ఒక అధ్యాయం చదువుకునేవాళ్ళు కాబట్టి ఆ సమావేశానికే చాప్టర్ అన్న పేరు వచ్చింది, ఇవాళ సంఘాల శాఖల్ని చాప్టర్ అనడం అక్కడి నుంచే. స్పానిష్‌లో అదే మాట అరిగి కబిల్దో అయి లాటిన్ అమెరికా పట్టణాల్లో పురపాలక సభ పేరయింది. ఒప్పందాన్ని అంశాలవారీగా శీర్షికలు పెట్టి రాయడం కపితులారె, ఓడిపోయినవాడు అలా రాసిచ్చేవాడు కాబట్టి క్యాపిట్యులేట్ అంటే లొంగిపోవడం. మళ్ళీ ఒకసారి శీర్షికలన్నీ చెప్పడం రీక్యాపిట్యులేట్, సీరియల్ మొదట్లో వేసే రీక్యాప్.

ఇంకో రకం ఉంది, తొందరగా చెప్పేస్తాను. లాటిన్‌లో మాట ముందు ఏదైనా చేరితే లోపలి అ-కారం బలహీనపడి ఇ అవుతుంది, ఎ అవుతుంది. అందుకే జిమ్‌కి వెళ్ళేవాళ్ళ బైసెప్స్ అంటే రెండు తలల కండరం, ట్రైసెప్స్ మూడు తలలది. తల ముందుగా పడిపోవడం ప్రెకెప్స్, దాని నుంచి కొండచరియకి ప్రెసిపిస్, వాతావరణ శాఖ వాడే ప్రెసిపిటేషన్.

మాట వెళ్ళకుండా ఆలోచన మాత్రం వెళ్ళిన చోట్లు కూడా ఉన్నాయి, చాలామంది వీటిని వదిలేస్తారు. జర్మన్‌లో రాజధాని హౌప్ట్‌ష్టాట్, హౌప్ట్ అంటే తల, ష్టాట్ అంటే ఊరు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు రోజూ దిగే హౌప్ట్‌బాన్‌హోఫ్‌లోనూ ఆ తలే ఉంది. స్వీడిష్, డచ్ భాషల్లో కూడా రాజధాని అంటే తల-ఊరే. హంగేరియన్, ఫిన్నిష్ భాషలు అసలు ఈ కుటుంబానివే కావు, అయినా వాళ్ళు కూడా తమ సొంత మాటల్లో తల-ఊరు అనే కట్టుకున్నారు, ఫోవారోష్, పాకౌపుంకి. మన తలసరి ఆదాయం కూడా ఇలాంటిదే, పర్ క్యాపిటా అన్న లాటిన్ మాటకి తెలుగు తలని పెట్టాం, ఎంత హాయిగా ఉందో చూడండి. మాట కూడా వచ్చిన చోటు క్యాపిటేషన్ ఫీజు. చివరి రోమన్ చక్రవర్తుల కాలంలో తలపన్ను కపితాతియో, ఫ్రాన్స్‌లో 14వ లూయీ 1695లో యుద్ధఖర్చుల కోసం అదే పేరుతో పన్ను వేశాడు. మన దగ్గర మాత్రం అది కాలేజీ సీటుకి పిల్లవాడి తల మీద వసూలు చేసే డబ్బు అయింది, దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1983లో చట్టం కూడా చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఈ జాబితాలో చేరకూడనివి. క్యాప్చర్, కెపాసిటీ, యాక్సెప్ట్, ఇవి కపెరె అంటే పట్టుకోవడం, తీసుకోవడం అన్న వేరే క్రియ నుంచి వచ్చాయి, తలతో పనిలేదు. జర్మన్ కపుట్, అంటే పాడైపోయింది అన్నది, వినడానికి అచ్చం కపుత్‌లా ఉన్నా అది 17వ శతాబ్దంలో పికె అనే ఫ్రెంచ్ పేకాటలో ఒక్క పట్టు కూడా రాకుండా ఓడిపోవడాన్ని కపో అనే మాట నుంచి వచ్చింది. క్యాప్, భుజాల మీద వేసుకునే కేప్, చాపెల్, ఇవి కప్ప అనే ముసుగు వస్త్రం నుంచి వచ్చాయి. తూర్ పట్టణపు సెయింట్ మార్టిన్ అంగవస్త్రాన్ని దాచిన చోటు కపెల్ల, అదే చాపెల్. కప్పకీ కపుత్‌కీ చుట్టరికం నిఘంటువుల్లో కనిపిస్తుంది కానీ నిర్ధారణ లేదు, అందుకే నేను చేర్చను. క్యాబేజీ కూడా అంతే. అది ఉత్తర ఫ్రెంచ్ కబోష్ నుంచి వచ్చింది, కబోష్ అంటే తలకాయే, అంతవరకు సందేహం లేదు. కానీ ఆ కబోష్ లోపల ఉన్నది కపుత్ కాదు, బొడిపె అన్న అర్థం ఉన్న బోస్ అని ఫ్రెంచ్ నిఘంటుకారులు చెప్పేది నాకు ఎక్కువ సబబుగా అనిపిస్తుంది. వీడియోలవాళ్ళు క్యాబేజీనే ముందు పెడతారు, వినడానికి బాగుంటుంది కాబట్టి.

చివరిగా మీ బాబాయ్ గారి మాట. లాటిన్ సంస్కృతం నుంచి పుట్టలేదు, సంస్కృతం లాటిన్ నుంచీ పుట్టలేదు. రెండూ ఇంకా పాత భాష ఒకదాని నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు. అందువల్ల కపాలం లాటిన్‌కి 'వెళ్ళింది' అనడానికి వీల్లేదు, ఒకే పుట్టింటి మాటలా అని మాత్రం అడగొచ్చు. అలా అడిగితే, కపుత్‌కి ఖాయమైన చుట్టం మన కంటికి అసలు ఆననిది, ఇంగ్లీషు హెడ్. లాటిన్‌లో క ఉన్నచోట ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో హ ఉంటుంది, లాటిన్ నూరు కెంతుమ్ అయితే ఇంగ్లీషులో హండ్రెడ్, కుక్క కనిస్ అయితే హౌండ్, కొమ్ము కొర్ను అయితే హార్న్. కపుత్‌కి గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలో హౌబిథ్, పాత ఇంగ్లీషులో హెఆఫొద్, జర్మన్‌లో హౌప్ట్. పాత ఇంగ్లీషు రూపంలో మధ్య హల్లు రాలిపోతే మిగిలింది హెడ్. మొదటి అచ్చు దగ్గర చిన్న పేచీ ఉంది, అయినా చుట్టరికాన్ని ఎవరూ కాదనరు. కపాలానికి పండితులు చూపించే దగ్గరి జోడీ కూడా ఒక పాత ఇంగ్లీషు మాటే, హఫెల, అదీ తలే, బియోవుల్ఫ్ కావ్యంలో ఉంది. క-ప-ల కి హ-ఫ-ల చక్కగా సరిపోతుంది. కపాలాన్ని కపుత్‌తో కూడా కలిపేవాళ్ళు ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, కలిపినా ధాతువు వరకే, వెనక చేరిన ప్రత్యయాలు వేరు. మన తల మాత్రం ఈ పంచాయితీలో లేదు, అది ద్రావిడం, తమిళంలో తలై, కన్నడంలో తలె. బాబాయ్ గారికి హఫెల సంగతి చెప్పండి, ఆయన అన్నదానికి దగ్గరగా వచ్చేది అదొక్కటే.